కూర్పు మారితే ఆట మారునా?

ఆట యనగానే మనకు మైదానమో, గళ్ళ పలకయో తలపునకు వచ్చును. ఈ రెండును అక్కరలేని ఆట యొకటి కలదు. నలుగురైదుగురు బల్ల చుట్టు చేరి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, నోటిమాటతో కథ నడుపుదురు. సందేహము వచ్చిన చోట పాచిక తీర్పు చెప్పును. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు 1974లో అమెరికాలో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా క్రీడలకు ఆద్యము. ముఖమునకు రంగు పూయకయే వేషము వేయు ఆట యని మేము మిత్రులకు చెప్పుచుందుము. 1989లో దీని రెండవ కూర్పు, 2000లో మూడవది, 2008లో నాలుగవది, 2014లో అయిదవది వచ్చినవి. 2024లో అయిదవ దానినే సవరించిరి. ప్రతిసారియు పాత ఆటగాండ్రలో కొందరు తమ ఆటను చెరిచినారని నొచ్చుకొనిరి. ఆ నొప్పులన్నియు ఒక తీరువి కావని మా అభిప్రాయము.

కొన్ని మార్పులు కేవలము లెక్కకు సంబంధించినవి. రెండవ కూర్పులో కవచసంఖ్య తగ్గిన కొలది రక్షణ హెచ్చు. కవచము లేనివానికి 10, గట్టి కవచము గలవానికి 5, ఇంకను మేటివానికి సున్న దాటి ఋణసంఖ్య. దాడి చేయువానికి ‘థాకో’ అను సంఖ్య యుండెడిది. అది 18 అయి, ఎదుటివాని కవచము 5 అయినచో, తీసివేయగా మిగిలిన 13 గాని, అంతకు మించి గాని ఇరువది ముఖముల పాచికపై పడవలెను. మూడవ కూర్పు దీనిని తలక్రిందులు చేసెను. 5 అను కవచము ఆ లెక్కలో 15 అగును. 18 అను థాకో, పాచికకు కలుపుకొను 2 అగును. ఇప్పుడును 13 పడిననే 15 చేరును. నూటికి 40 పాళ్ళ అవకాశము నాడును నేడును ఒక్కటే. తీసివేత పోయి కూడిక వచ్చిన మాత్రమున ఆట చచ్చినదని వగచువారిని చూచిన మాకు నవ్వు వచ్చును. పంజాబున పుట్టిన మీర్ సుల్తాన్ ఖాన్ చదరంగమును మన దేశపు పద్ధతిలో నేర్చెను. అందు బంటు తొలి ఎత్తున రెండు గళ్ళు దూకరాదు. ఆయన ఐరోపా నియమములను పెద్దయిన పిదప అలవరచుకొని, 1929, 1932, 1933లలో బ్రిటిష్ విజేతగా నిలిచెను!

నిలిచి ఆలోచింపవలసిన మార్పులు వేరు. 1974 నాటి గ్రంథములలోనే డ్వార్ఫు జాతి యోధుడు 6వ మెట్టు దాటరాదని యుండెను. మనుష్యునకట్టి హద్దు లేదు. 1978 నాటి ఆటగాండ్ర గ్రంథము స్త్రీ పాత్రల దేహబలమునకు పురుషులకంటె తక్కువ గరిష్ఠమును విధించెను. స్త్రీల హద్దును 1989 కూర్పు తొలగించినది. జాతుల మెట్ల హద్దు 2000 వరకు నిలిచినది. డ్వార్ఫులకును ఎల్ఫులకును పుట్టుకతో కొన్ని ప్రత్యేక శక్తులున్నవి గనుక, మనుష్యులతో సమతూకమునకై ఈ కట్టడి యని దానిని సమర్థించిరి. తూకమునకు వేరు మార్గములు లేకపోలేదు. 2014 కూర్పులో సయితము ఎల్ఫునకు చురుకుదనము 2, హాఫ్-ఆర్కునకు బలము 2 జాతిని బట్టియే అదనముగ వచ్చెడివి. 2024లో ఆ అదనములు పాత్ర పెరిగిన నేపథ్యమునకు, చేసిన వృత్తికి చేరినవి. ‘జాతి’ యను అర్థమిచ్చు ఆంగ్లపదమును సయితము మార్చిరి.

అందరును ఒక్కటైనచో కథకు రుచి యేమున్నదని కొందరడుగుదురు. ఈ ప్రశ్నను మేము తోసివేయము. అయినను డ్వార్ఫు చీకటిలో చూచుటయు, విషమును తట్టుకొనుటయు సవరించిన గ్రంథములలోను నిలిచియే యున్నవి. ఒకనికి ఏమి చేతనగునో చెప్పుట వర్ణన. ఎంత శ్రమించినను నీవింతకు మించి ఎదుగరాదనుట అట్టిది కాదు. తొలిసారి ఆడవచ్చిన బాలిక పుస్తకము తెరచి, తన పాత్ర బలమునకు ముందే గీత గీసియుండుట చూచినచో మరునాడు ఆ బల్ల వద్దకు వచ్చునా?

ఇక ప్రచురణకర్తల సంగతి. కొత్త కూర్పు వచ్చిన కొత్త పుస్తకములు అమ్ముడగును. ఈ లౌకికమును మరువరాదు. 2000లో యజమానులు మూల నియమములను వాడుకొని ఇతరులును గ్రంథములు వ్రాయుటకు అనుమతిపత్రమునిచ్చిరి. నాలుగవ కూర్పు రుచింపనివారికై పైజో సంస్థ ఆ పత్రము ఆధారముగానే 2009లో పాత నియమములను ‘పాత్‌ఫైండర్’ పేర నిలిపినది. 2023 జనవరిలో ఆ పాత అనుమతిని చెల్లకుండ చేయు ముసాయిదా బయటపడగా ఆటగాండ్రు, రచయితలు తీవ్రముగ ఎదిరించిరి. ఆ నెలాఖరునకే యజమానులు వెనుదీసి, అయిదవ కూర్పు మూల నియమములను క్రియేటివ్ కామన్స్ క్రింద అందరికిని విడిచిరి. నియమము మారినదని అలిగినవారి కంటె, పాత నియమముతో ఆడుకొను హక్కు పోవునని లేచినవారి యందు మాకు గౌరవము హెచ్చు.

మన కళాశాలలో ఎవరైన ఈ ఆట మొదలిడదలచినచో ఆ మూల నియమములు వెల లేకుండ లభించును. వలసినది కొన్ని పాచికలు, తరగతులు ముగిసిన పిదప ఒక గది. గది విషయము కమిటీవారు ఆలోచింతురు గాక. ఏ కూర్పు అనునది మాత్రము బల్ల వద్ద కూర్చున్నవారికే విడువవలెను. అన్నగారి పాత పుస్తకమే చేత నున్నవారు మెట్ల హద్దు గల పుటపై పెన్సిలుతో అడ్డగీత గీచి ఆడవచ్చును. ఆ 6వ మెట్టు హద్దును అచ్చు వేసిన 1974 గ్రంథములే, తోచిన మార్పు చేసికొనుడని ఆటగాండ్రకు చెప్పియున్నవి.