ఆటనాటి జెండా

మన దేశపు జట్టు ఆడునాడు మన నగరమున మువ్వన్నెల జెండా వీధికెక్కుట పరిపాటియైనది. మాదన్నపేట మండీలోని కూరగాయల బండ్లకును, ఆటోల కమ్మీలకును, మేడలమీది నీటితొట్లకును జెండాలు కట్టి పిన్నలు పెద్దలు ఉత్సాహముతో కేకలు వేయుదురు. దీనిని చూచి సంతోషింపని దేశభక్తుడుండడు. కాని ఈ సంతోషము చాటున ఒక దుర్వ్యసనము పెరుగుచున్నది. ఎవరి మేడపై జెండా యున్నది, ఎవరి మేడపై లేదు, ఏ గల్లీలో టపాకాయలు కాల్చిరి, ఏ గల్లీ మౌనముగా నుండెను అని లెక్క వ్రాయువారు బయలుదేరినారు. పాకిస్తానుతో ఆట వచ్చినచో ఈ లెక్కలు మరింత చురుకుగా సాగును. నేడు మా వాదము ఈ లెక్కలవారితోనే.

మొదట జెండా మాట. 1921లో బెజవాడ కాంగ్రెసు సభల వేళ పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జెండా నమూనా సమర్పించిన నాటినుండి, 1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభ అశోకచక్రాంకితమైన త్రివర్ణపతాకమును అంగీకరించువరకు, ఈ గుడ్డకొరకు లాఠీదెబ్బలు తినినవారు, చెరసాలలు నింపినవారు అసంఖ్యాకులు. హైదరాబాదు సంస్థానమున ఆ కష్టము ఇంకను దీర్ఘమైనది. తక్కిన దేశమున జెండా యెగిరిన 1947 ఆగస్టులో ఇక్కడ అది నిషిద్ధవస్తువు. జెండావందనమునకు పూనుకొనిన స్టేటు కాంగ్రెసు నాయకులు స్వామి రామానంద తీర్థగారు ఆ నెలలోనే నిర్బంధింపబడిరి. జెండా ఎగురవేయరాదని ప్రభుత్వము శాసించినపుడు ఎదురు నిలిచిన నగరము మనది. అట్టి నగరమున నేడు "జెండా ఎగురవేయుము, లేనిచో నీ సంగతి తేల్చెదము" అని ఇరుగుపొరుగులే శాసింప మొదలిడినచో, శాసించు నోరు మారినదేకాని పౌరునకు స్వేచ్ఛ కలిగినదని చెప్పుటెట్లు?

ఆటకును ఈ జెండాకును గల చుట్టరికము నిన్న మొన్నటిది కాదు. 1936 ఆగస్టు 15వ తేదీన బెర్లిను ఒలింపిక్కులలో మన హాకీజట్టు జర్మనీతో తుదిపోటీకి సిద్ధమగుచుండెను. అధికారికముగా వారికున్నది బ్రిటిషువారి పతాకము. ఆటకు ముందు దుస్తులు మార్చుకొను గదిలో జట్టుతో వెళ్లిన పంకజ్ గుప్తాగారు తన వెంట దాచి తెచ్చిన కాంగ్రెసు త్రివర్ణపతాకమును వెలికి తీసిరి. ధ్యాన్ చంద్ నాయకత్వమున ఆటగాండ్రందరు దానికి వందనము చేసి మైదానమునకు నడచిరి. ఎనిమిది గోలులకు ఒకటిగా గెలిచిరి. ఆ జట్టులో రూప్ సింగు ఉండెను, జాఫరు ఉండెను, టాప్సెల్లును ఆలెనును ఉండిరి. ఆ గదిలో చూచువారు లేరు, పొగడువారు లేరు, హాజరుపట్టీ లేదు. బయటికి పొక్కినచో చిక్కులు తప్పవు. అయినను చేతులు లేచినవి. ఎవరును అడుగకున్నను, లాభమేమియు లేకున్నను చేసిన వందనము కనుకనే తొంబది యేండ్ల తరువాతను మనము దానిని తలచుకొనుచున్నాము.

1948 ఆగస్టు 12వ తేదీన లండను వెంబ్లీ మైదానమున స్వతంత్ర భారత హాకీజట్టు బ్రిటనును నాలుగు గోలులతో ఓడించి స్వర్ణపతకము గెలిచెను. నిన్నటి ప్రభువుల రాజధానిలో మన జెండా పైకి లేచెను. ఆనాటికి హైదరాబాదు ఇంకను భారతదేశమున చేరలేదు. చేరుటకు మరియొక నెలయు అయిదు దినములును పట్టెను. లండనులో గౌరవముతో ఎగిరిన జెండా ఆ దినమున మన నగరవీథులలో ఎగురుటకు వీలులేదు. నాటి హైదరాబాదీయుడు తన మేడపై జెండా కట్టనందున అతని హృదయమున దేశములేదని ఎవరైన అనగలరా? జెండా కనబడకపోవుటకు భయము కారణము కావచ్చును, బీదతనము కారణము కావచ్చును, ఇంటిలో రోగియుండుట కారణము కావచ్చును, ఆటయందు ఆసక్తి లేకపోవుటయు కారణము కావచ్చును. మేడపైని చూచి మనస్సును చదువగల జ్యోతిష్కులు మన గల్లీలలో ఎప్పుడు వెలసిరి?

ఈ నగరము భారతదేశ జట్టునకు ఇచ్చినదేమియో లెక్కలవారు మరచినట్లున్నది. సయ్యద్ అబ్దుల్ రహీముగారు హైదరాబాదున బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 మొదలు 1954 వరకు అయిదేండ్లు వరుసగా రోవర్సు కప్పు గెలిచెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్కులలో నాలుగవ స్థానమున నిలిచెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఆయన క్యాన్సరు వ్యాధితో బాధపడుచునే జట్టును తీసికొని వెళ్లిరి. ఇజ్రాయెలును, తైవానును ఆ క్రీడలకు రానీయనందుకు భారతీయుడైన సోంధీగారు అభ్యంతరము చెప్పుటచే అక్కడి జనము మనపై కోపించి యుండెను. ప్రేక్షకులు గేలిచేయుచుండగా మనవారు దక్షిణ కొరియాను రెండు గోలులకు ఒకటిగా గెలిచిరి. గోలులు కొట్టినవారు బెనర్జీ, జర్నైల్ సింగు. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాము ఆ జట్టులోనివాడే. మరుసటియేడు జూను నెలలో రహీముగారు కన్నుమూసిరి. పరాయిగడ్డమీద, శత్రుభావముతో నిండిన మైదానమున, తన ప్రాణము తరుగుచుండగా మన జెండాను పైకెత్తించిన ఆ పంతులుగారి నగరమున, ఆయన మతమువారిని గుమ్మము వద్ద నిలిపి దేశభక్తికి రుజువు అడుగుట కృతఘ్నత కాదా?

ఇట్టి పరీక్ష మనము కనిపెట్టినదియు కాదు. 1990లో బ్రిటనులో నార్మన్ టెబిట్ అను రాజకీయవేత్త, తమ దేశమున స్థిరపడిన ఆసియావారు, వెస్టిండియనులు క్రికెట్టులో ఏ జట్టును ఉత్సాహపరచుదురో చూచి వారి విశ్వాసమును తూచవలెనని పలికెను. ఆ మాట మనవారికి అవమానముగా తోచెను, తోచుట న్యాయమే. 2022 అక్టోబరు 23న మెల్బోర్ను మైదానమున భారత పాకిస్తానుల ఆటకు తొంబదివేలకు పైబడిన జనము వచ్చిరి. అక్కడ మువ్వన్నెల జెండా ఊపినవారిలో ఆస్ట్రేలియాలో ఇండ్లు కట్టుకొని, ఆ దేశపు పన్నులు కట్టుచు, ఆ దేశ పౌరసత్వము స్వీకరించినవారును లేకపోలేదు. మన తెలుగుబిడ్డలు అట్లు జెండా ఊపగా ఇక్కడి తల్లిదండ్రులు టెలివిజనులో చూచి మురిసిరి. టెబిట్ కొలతబద్దను మన పిల్లలకు పెట్టినచో వారేమగుదురు? సముద్రమావల మన పిల్లలకు వలదన్న కొలతబద్దను సంతోషనగరులోను, యాకుత్‌పురాలోను, సైదాబాదులోను మన పొరుగువారికి ఎట్లు పెట్టుదుము?

ఈ పరీక్ష ఎవరిని వదలునో చూడుడు. 2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాను చేతిలో మనజట్టు పది వికెట్ల తేడాతో ఓడెను. పదునొకండుగురు ఆడి ఓడిరి. నీచములైన నిందలు మాత్రము ఎక్కువగా మహమ్మద్ షమీ నెత్తిన పడెను. దేశపు జెండాను గుండెమీద ధరించి ఆడినవానికే ఉత్తీర్ణత లేనిచో, మేడమీద కట్టినవానికి ఎక్కడిది? మన నగరపు మహమ్మద్ సిరాజు ఆటో నడిపిన తండ్రి కుమారుడు. 2020 నవంబరులో తాను ఆస్ట్రేలియాలో నుండగా తండ్రి మరణించెను. జట్టును విడిచి రాక అతడు ఆడెను. 2021 జనవరిలో సిడ్నీలో జాతీయగీతము వేళ అతని కన్నులు చెమర్చుట దేశమంతయు చూచెను. 2025 ఆగస్టు 4న లండను ఓవల్ మైదానమున చివరి వికెట్టు తీసి ఆరు పరుగుల తేడాతో దేశమును గెలిపించెను. మేము అతనికి జోహారు లర్పించుచున్నాము. కాని ఒక మాట. సిరాజు వికెట్లు తీసినందున అతని పేటవారందరు నమ్మదగినవారైనారని చెప్పువారు మెచ్చుకొనుచున్నట్లే కనబడి మరల పాత పరీక్షనే పెట్టుచున్నారు. వికెట్టు తీయలేని సామాన్యునకు దేశము మీది హక్కు సిరాజు హక్కుకంటె వీసమెత్తైన తక్కువ కాదు.

చట్టమేమి చెప్పుచున్నదో చదువరులు ఎరుగుట మంచిది. ఒకప్పుడు సామాన్యపౌరుడు కొన్ని దినములందు తప్ప జెండా ఎగురవేయుటకు అనుమతి లేకుండెను. 2002 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన పతాకస్మృతి ఆ అడ్డు తొలగించెను. 2004 జనవరి 23న నవీన్ జిందాల్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, మర్యాదతో జెండా ఎగురవేయుట పౌరుని భావప్రకటనా స్వాతంత్ర్యములో భాగమని తీర్పు చెప్పెను. 2022 జూలైలో పౌరుని యింటిపై జెండా రాత్రియు ఎగురవచ్చునని సవరణ వచ్చెను. కనుక రాత్రి ఆటల జెండా నేరము కాదు. ఆటలకు జెండా పట్టుట చులకన చేయుటయని పెదవి విరుచు పెద్దలు కొందరున్నారు. క్రీడోత్సవములందు ప్రజలు కాగితపు జెండాలు ఊపవచ్చునని ఆ స్మృతియే పలుకుచున్నదని వారికి మనవి. ఇది ఎగురవేయు హక్కు. ఎదుటివానిచేత ఎగురవేయించు హక్కు ఏ స్మృతిలోను, ఏ తీర్పులోను లేదు. జాతీయగీతము వేళ మర్యాదగా లేచి నిలిచి, మతవిశ్వాసముచేత పాడకుండిన కేరళ విద్యార్థులను బడినుండి వెడలగొట్టుట చెల్లదని 1986లోనే సుప్రీముకోర్టు తేల్చియున్నది.

అదే స్మృతి ఆ కాగితపు జెండాలను ఆట ముగిసిన తరువాత నేలపై పారవేయరాదనియు ఆజ్ఞాపించుచున్నది. జెండాపై అక్షరములు వ్రాయుట 1971 నాటి చట్టము ప్రకారము అవమానమే. వాహనముల ముందుభాగమునగాని, పైనగాని, ప్రక్కలగాని జెండాను కప్పరాదు. చిరిగినదానిని మరుగున, గౌరవముతో దహనము చేయవలెను. ఇప్పుడు లెక్కలవారిని మేమడుగుచున్నాము. పొరుగువాని మేడపై జెండా లేదని రాత్రి వ్రాసికొనిన మీరు, తెల్లవారి మురికికాలువలో తేలుచున్న జెండాలను వ్రాసికొంటిరా? 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో ఆస్ట్రేలియా చేతిలో ప్రపంచకప్పు తుదిపోటీ ఓడిన రాత్రి ఎన్ని జెండాలు మరునాటివరకు నిలిచినవి? గెలిచినపుడు నెత్తినెక్కించుకొని ఓడినపుడు కాలికింద వేయుట జెండాకు చేసిన మర్యాదయా? ఇంటిపై జెండా కట్టనివాడు ఏ నేరము చేయలేదు. కట్టి పారవేసినవాడు, దానిపై తన సంఘము పేరు వ్రాయించినవాడు, దాని కర్రను పరాయి గల్లీలో లాఠీవలె ఊపినవాడు చేసినదే జెండాకు ద్రోహము.

మాదన్నపేట పేరు తానీషా మంత్రియైన మాదన్న పేర వచ్చినదని ప్రతీతి. ముసల్మాను సుల్తాను కొలువున తెలుగు బ్రాహ్మణుడు ప్రధానియైన నాటి స్మృతి ఈ పేటది. ఈ పేటయే 2012 ఏప్రిలులో కర్ఫ్యూ క్రింద తలుపులు మూసికొనవలసి వచ్చెను. మండీ మూతపడినపుడు ఆకలిగొన్నవారిలో హిందువెవరు, ముసల్మానెవరు? అట్టి దినములు చూచినచోట, ఆట గెలిచిన రాత్రి మోటారుసైకిళ్లపై జెండాలతో ఒకరి గుమ్మముల ముందు మరియొకరు నినాదములు చేయుట సంబరమని చెప్పిన నమ్ముటకు మేము పసివారము కాము. ఎవరిని ఉడికించుటకు పోవుచున్నారో పోవువారికి తెలియును, ఉడుకువారికి తెలియును.

కనుక పేటలోని యువజనులకును, పఠనమందిరముల వారికిని మా విన్నపమొకటి. రాబోవు ఆటనాడు జెండాలు మానవలదు. మరింత నిండుగా కట్టుడు. రహదారి కూడలిలో అందరికిని కనబడునట్లు తెర కట్టి కుర్చీలు వేయుడు. రెండు మతముల పిల్లలను కలిపి కూర్చుండబెట్టుడు. రాదలచినవారు వచ్చెదరు, రానివారిని అడుగవలదు. గెలుపైనను ఓటమియైనను మరునాటి ఉదయమున గంప పట్టుకొని వీథులు తిరిగి, నేలబడిన ప్రతి జెండాను ఎత్తుడు. పొరుగువాని మేడ లెక్కించుటకు వెచ్చించిన రాత్రి కంటె ఆ ఉదయమే దేశమునకు ఎక్కువ ఉపకరించును. మేడలమీద లెక్క వ్రాయువాడు ఆ గంప పట్టుటకు వచ్చునో రాడో మేమును చూచెదము.