చెత్త తగ్గించమనే ముందు అది ఎందుకు పుడుతోందో చూడండి: వినతిపత్రం

గౌరవనీయులైన పురపాలక, పర్యావరణ శాఖల అధికారులకు కర్నూలు, కడప నగరాల కాలనీవాసులు సమర్పించుకుంటున్న వినతి.

విషయం: ఇళ్లలో, ఊళ్లో చెత్త పెరగడానికి కారణాలు, పాత చెత్తగుట్టల తొలగింపు.



మా కాలనీల సంగతి మీకు కొత్త కాదు. ఇదే విషయంపై ముందు ఇచ్చిన అర్జీలు మీ ఫైళ్లలో ఉన్నాయి, రశీదులు మా దగ్గర ఉన్నాయి. అందుకే పాత కథ మళ్లీ చెప్పం. అవగాహన సదస్సు పెట్టిన ప్రతిసారీ ‘చెత్త చేస్తున్నది మీరే’ అంటున్నారు. ఆ మాట సగమే నిజం.

మా సీమలో చెత్తకు మొదటి కారణం నీటి కరువు. సుంకేసుల బ్యారేజీలో నిల్వ ఉండేదే 1.2 టీఎంసీలు. తుంగభద్రలో పారకం ఆగితే కర్నూలు గొంతు ఎండుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటాక కూలిపనికి పోయేవాళ్లు నీళ్ల ప్యాకెట్ కొనక ఏం చేస్తారు? అంట్లు తోమడానికి నీళ్లు లేని ఇంట్లో శుభకార్యమైతే వాడి పారేసే ప్లేట్లే దిక్కు. 2022 జూలై 1న ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు నిషేధించారు, సంతోషం. నీళ్ల ప్యాకెట్లు, సీసాలు ఆ జాబితాలో లేవు. కుళాయిలో మంచినీళ్లు సక్రమంగా వస్తే ఆ చెత్తలో చాలాభాగం పుట్టనే పుట్టదు.

రెండోది చేతిలో డబ్బు లేకపోవడం. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే ఇంట్లో నెల సరుకులు ఒక్కసారి కొనలేరు. షాంపూ, టీపొడి, మసాలా అన్నీ చిన్న ప్యాకెట్లే. ఇనుము, అట్టలు, సీసాలు కొనే గుజరీవాళ్లు కూడా ఆ కవర్లు ముట్టుకోరు. తయారుచేసిన కంపెనీలే వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలని 2016 ప్లాస్టిక్ నిబంధనల్లోనే ఉంది. మా వీధుల్లోకి ఆ పనిమీద వచ్చినవాళ్లను మేం చూడలేదు.

మూడోది పంట పారబోత. ధర పడిపోయినప్పుడు పత్తికొండ టమోటా, కర్నూలు ఉల్లి చెత్తపాలవుతాయి. గిడ్డంగులు, గుజ్జు పరిశ్రమ కావాలి. కర్నూలులో హంద్రీ, కడపలో బుగ్గవంక వాగుల్లో కోడి వ్యర్థాలు, ఇళ్లు కూల్చిన మట్టి పోయకుండా కాపలా పెట్టండి.

ఇక మేం అన్నిటికన్నా ఎక్కువ కాలంగా భరిస్తున్నది చెత్తగుట్టలు, వాటి పొగ. 2000 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెత్తను శుద్ధిచేసే కేంద్రాలకు 2003 డిసెంబర్ 31 గడువు పెట్టాయి. అది దాటింది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు పాత గుట్టల పని అయిదేళ్లలో తేల్చమన్నాయి. 2021తో అదీ దాటింది. ఆ ఏడాదే అక్టోబర్ 2న ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు వచ్చాయి. వాటి వెంట చెత్త పన్ను కూడా వచ్చింది. పన్ను కట్టాం, తడి పొడి వేరుచేసి పెట్టాం. వేరుచేసిన రెండింటినీ బండిలో ఒకటిగా కలిపేస్తుంటే మా ఆడవాళ్ల కష్టమంతా ఏమైనట్టు? 2024 అక్టోబర్ 2న పన్ను రద్దని ప్రకటించారు. కలపడం మాత్రం ఆగలేదు. 2025 జనవరి 18న మా కడప జిల్లా మైదుకూరులోనే ముఖ్యమంత్రి గారు రాష్ట్రంలో 85 లక్షల టన్నుల పాత చెత్త ఉందని, ఆ ఏడాది అక్టోబర్ 2 నాటికి తొలగిస్తామని చెప్పారు. అందులో మా రెండు నగరాల వాటా ఎన్ని టన్నులు, ఎంత తీశారు, తీసింది ఎక్కడికి పోయింది? ఇదే లెక్క ముందూ అడిగాం. మళ్లీ అడుగుతున్నాం. మన పట్టణాల చెత్తలో దాదాపు సగం తడిదే. అది ఎరువు కావాలి. గుట్టలోకి పోతే లోపల కుళ్లి మీథేన్ పుడుతుంది, మా ఎండలకు అంటుకుంటుంది, ఆ పొగ పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నివాసాలకు 200 మీటర్ల లోపు చెత్త పూడ్చే స్థలం ఉండకూడదని ఆ 2016 ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఆ దూరం మా ఎదుటే కొలిపించండి.

తడి, పొడి చెత్తకు వేర్వేరు అరలున్న బండ్లు పంపండి. గుట్టల లెక్క ప్రతి నెలా వార్డు సచివాలయంలో అతికించండి. ‘పరిశీలనలో ఉంది’ అనే సమాధానం మాకు వద్దు. ఏ పని ఏ తేదీకి పూర్తిచేస్తారో, బాధ్యత ఏ అధికారిదో రాసి, ముప్పై రోజుల్లోగా సంతకంతో లిఖితపూర్వక జవాబు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
కర్నూలు, కడప నగరాల కాలనీవాసులు