ప్రోగ్రెస్ రిపోర్టు లేని బాల్యం

"చిన్నప్పటి ప్రోగ్రెస్ రిపోర్టులు ఉన్నాయా? లేకపోతే అమ్మగారినైనా తీసుకురండి" అన్నారు విశాఖపట్నంలో నేను కలిసిన మానసిక వైద్యుడు. అప్పటికి నాకు 31 ఏళ్లు. పీహెచ్‌డీలో నాలుగో ఏడు. మొదలుపెట్టి వదిలేసిన అధ్యాయాలు మూడు. ఫెలోషిప్ కాగితాలు గడువు దాటాక గుర్తొచ్చిన సందర్భాలు లెక్కలేదు. పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ గురించి చదివి, అనుమానం తీర్చుకుందామని అనకాపల్లి నుంచి వెళ్లాను.

రిపోర్టులు లేవు. వానొస్తే కారే ఇంట్లో కాగితం నిలవదు. అమ్మ ఒక రోజు కూలి మానుకుని వచ్చింది. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే మనిషి. చిన్నప్పుడు కుదురుగా కూర్చునేవాడా అని డాక్టరు అడిగితే, "ఎవులు సూసినారు బాబూ? సీకటితో ఎల్తే సీకటిపడ్డాకే వొచ్చీవోలం. మేస్టారు మాత్రం ఈడికి సదువు అబ్బదు, మీవోలకి రాదు అనీవోరు" అంది.

డాక్టరు ఆ మాటను ఏ గడిలో రాసుకున్నారో నాకు తెలియదు. నేను మాత్రం అప్పటి నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను.

వైద్యులు ఎక్కువగా అనుసరించే డీఎస్ఎమ్-5 (2013) ప్రకారం, పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీ ఉందని తేల్చాలంటే పరధ్యానానికి సంబంధించిన 9 లక్షణాల్లోనో, నిలకడలేనితనానికి సంబంధించిన 9 లక్షణాల్లోనో కనీసం 5 ఉండాలి. వాటిలో కొన్ని 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. ఇంట్లో, బడిలో, పనిలో, కనీసం రెండు చోట్ల. ఈ షరతును నేను తప్పుపట్టను. ఇది ముప్పై ఏళ్లకు కొత్తగా పుట్టుకొచ్చే సమస్య కాదు, చిన్నప్పటి నుంచీ వెంట వచ్చేది. చిక్కల్లా సాక్షులతోనే. ఒక సాక్షి తల్లిదండ్రులు, వాళ్లు కూలిలో ఉన్నారు. రెండో సాక్షి బడి. ఆ బడి పిల్లాడిలో కులం చూసింది, ఇంకేమీ చూడలేదు.

ఇలా చూడటం వైద్యానికీ కొత్త కాదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిస్తూ, వాళ్లలో నైతిక నియంత్రణ లోపించిందన్నాడు. వైద్యశాస్త్రం ఆ మాటను ఎప్పుడో వదిలేసింది. మన స్టాఫ్ రూములు వదల్లేదు. సెమినార్ పేపరు ఆలస్యంగా ఇచ్చిన అగ్రకుల విద్యార్థి 'మూడీ జీనియస్'. మనవాడు అదే పని చేస్తే 'రిజర్వేషన్ సీటు'. మూడు దశాబ్దాలు ఈ మాట విన్నవాడు తనకో సమస్య ఉందనుకోడు, తానే సమస్య అనుకుంటాడు. డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్తాడు?

అలాగని రీల్స్ చూసి ఎవరికి వాళ్లు ఏడీహెచ్‌డీ అని తేల్చేసుకోవడం కూడా ప్రమాదమే. అచ్యుతాపురం సెజ్‌లో నైట్ షిఫ్టులు చేసే కుర్రాడికి నిద్ర లేక మతి నిలవకపోవచ్చు. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ కూడా ఇలాగే కనిపిస్తాయి. క్లాసులో ఎప్పుడు ఎవరు ఏమంటారోనని కాపలా కాసే మనసుకు పాఠం మీద ధ్యాస ఎక్కడిది? అది కులం పెట్టిన బాధ, దానికి మాత్ర వేస్తే అన్యాయం. నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్నవాడికి అంతా కులం వల్లేనని మనమే చెప్పి పంపేస్తే అదీ అన్యాయమే. ఈ రెండో తప్పు మన సంఘాల్లో జరుగుతోంది, ఒప్పుకుందాం.

ఈ రెంటినీ విడదీయాలంటే డాక్టరుకు తీరిక కావాలి. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, రకరకాల మానసిక సమస్యల్లో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. మన సంగతి లెక్కలోకే రాలేదన్నమాట.

మందు సంగతి. ఎక్కువగా రాసే మిథైల్‌ఫెనిడేట్ ఎన్‌డీపీఎస్ చట్టం కింద, ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎక్స్ కింద ఉంది. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి షాపువాడు రెండేళ్లు దాచాలి, అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. దుర్వినియోగం కాకుండా పెట్టిన నిబంధనే. కానీ మతిమరుపే జబ్బయిన మనిషి ప్రతిసారీ చీటీ పట్టుకుని ఊరు దాటాలి. అటామాక్సిటీన్‌కు ఈ బెడద లేదు, కాకపోతే పని చేయడానికి వారాలు పడుతుంది.

ఇక గడువులు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు. మహిళలకూ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికీ ఇంకో రెండేళ్లు అదనం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. కాలం అంచనా తప్పడమే ఈ సమస్య లక్షణం. సడలింపు లేనిదీ కాలంలోనే.

రోజు ఎలా గడపాలన్నదానికి ఇంగ్లీషు పుస్తకాలు వేరే గది, మూసిన తలుపు, ఖరీదైన హెడ్‌ఫోన్లు అంటాయి. మా ఇంట్లో ఉన్నవే రెండు గదులు. నాకు పనికొచ్చింది సాంఘిక సంక్షేమ హాస్టల్లో రాత్రి స్టడీ అవర్. పక్కన నలుగురు చదువుతుంటే నా కళ్లూ పుస్తకం మీద నిలిచేవి. దీన్నే ఇప్పుడు 'బాడీ డబ్లింగ్' అంటున్నారు. మళ్లీ అదే మొదలుపెట్టాం. సాయంత్రం రెండు గంటలు నలుగురం ఒకచోట కూర్చుంటాం. ఏం చేయబోతున్నామో పైకి చెబుతాం. ఫోన్లు ఒక బుట్టలో. 'అధ్యాయం రాస్తా' అంటే ఎవరూ ఒప్పుకోరు, 'రెండు పేరాలు' అనాలి. కొన్ని రోజులు అదీ జరగదు. మందుకు ఇది బదులు కాదు, మందుతో పాటు ఇది.

2023 జులైలో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులతో వివక్ష లేకుండా ఎలా మెలగాలో కూడా నేర్పాలి. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయి. హాస్టళ్లకూ వర్తిస్తాయి.

విద్యార్థి సంఘాలు చేయగల పని ఇక్కడుంది. మీ జిల్లాలోని గురుకులం, హాస్టల్, కాలేజీ ఒక్కోదానికి ఒక్కో ఆర్టీఐ వేయండి. కౌన్సెలర్ ఉన్నారా, అర్హత ఏమిటి, వారానికి ఎన్ని గంటలు, సిబ్బందికి శిక్షణ ఏ తేదీల్లో జరిగింది? పదేళ్ల పిల్లాడి గురించి ఆ కౌన్సెలర్ రాసిపెట్టే ఒక్క పేజీ ఇరవై ఏళ్ల తర్వాత వాడికి సాక్ష్యమవుతుంది. ఈలోగా ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే టెలీ-మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.