పరిశోధన ఫలం పొలం గట్టు దగ్గరే ఆగాలా?

'స్టార్టప్' అనే మాట ఇప్పుడు మన ఇళ్లలోకి కూడా వచ్చేసింది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు అన్నం దగ్గర కూర్చుని కూడా అదే మాట్లాడుకుంటున్నారు. పేపరు తెరిస్తే రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటోలు, చెక్కులు అందిస్తున్న ఫొటోలు. అవి చూసినప్పుడల్లా నాకో సందేహం వస్తుంది. ఇదంతా బెంగళూరు, హైదరాబాద్ కుర్రాళ్ల వ్యవహారమేనా? నంద్యాలలో కొర్రపిండితో మురుకులు చేసి అమ్ముకునే ఆమెకు, ఆళ్లగడ్డలో పసుపు కొట్టించి పొట్లాలు కట్టే ఆమెకు ఇందులో చోటు లేదా?

ఉందనే నేనంటాను. కాకపోతే ఆ చోటు ఎక్కడుందో మనకు చెప్పేవాళ్లు లేరు. చెప్పాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయాలదని నా అభిప్రాయం.

నంద్యాలలో ఉన్నవాళ్లకు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కొత్త కాదు. 1906లో మొదలైంది. అంటే మనలో చాలామంది నానమ్మల కంటే పెద్దది! 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయాక దాని ప్రధాన కార్యాలయం గుంటూరు దగ్గర లాంలో ఉంది. నంద్యాల స్థానం ఆ విశ్వవిద్యాలయానిదే.

అక్కడినుంచి వచ్చిన విత్తనాల పేర్లు చెప్పుకుంటే మనకే ముచ్చటేస్తుంది. పత్తిలో 'నరసింహ'. పేరు వినగానే అహోబిలం గుర్తుకు రాకుండా ఉంటుందా? కొర్రల్లో 'సూర్యనంది', 'గరుడ', 'రేనాడు'. నవనందులు తిరిగి వచ్చిన ఆడవాళ్లకు వీటి గురించి ప్రత్యేకంగా చెప్పాలా? ఒక కొత్త రకం బయటికి రావాలంటే ఏళ్లు పడుతుంది. మొక్కను మొక్కతో కలిపి, ఏటేటా వేసి చూసి, తెగుళ్లకు తట్టుకుంటుందా లేదా అని పరీక్షించి, అప్పుడు రైతుకు ఇస్తారు. ఇంత శ్రమకూ ఖర్చు పెట్టేది ప్రభుత్వం. అంటే మనం కట్టే పన్నుల డబ్బే. ఇందులో తప్పేం లేదు, పెట్టాల్సిందే.

నా బాధల్లా ఒక్కటే. ఈ పరిశోధన పొలం గట్టు దాకా వచ్చి ఆగిపోతోంది. గట్టు దాటి ఇంటికి, వంటింటికి, అంగడికి రావడం లేదు.

పప్పుశనగ చెప్పే పాఠం

పప్పుశనగ సంగతే తీసుకుందాం. నంద్యాల స్థానం నుంచి 'ధీర' అనే రకం వచ్చింది. ఎన్.బి.ఇ.జి. 47 అని కూడా అంటారు. మామూలు శనగ మొక్క పొట్టిగా, నేలకు ఆనుకుని గుబురుగా పెరుగుతుంది. దాన్ని యంత్రంతో కోయడం కష్టం. 'ధీర' నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది. కాయలు నేలకు కాస్త పైన కాస్తాయి. అందుకే యంత్రంతో కోయవచ్చు. రైతుకు కూలి ఖర్చు తగ్గింది. మంచిదే.

మరి శనగ పీకే పని ఎవరిది? ఆడవాళ్లది. శనగ ఆకు మీద పులుసు ఊరుతుంది. ఆ పులుపు తగిలి చేతులు మండుతాయి, పగుళ్లు వస్తాయి. ఆ మంట తప్పిందంటే సంతోషించాల్సిందే. కానీ ఆ మంటతో పాటు కూలీ కూడా పోయింది. ఒక కూలి పని చేసే అక్కను అడిగితే, "చేతులు బాగుండాయి సరేనమ్మా, చేతిలో దుడ్డు యాడుంది?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

యంత్రం వద్దని నేను అనడం లేదు. యంత్రం కోసిన శనగల నుంచి ఆ ఆడవాళ్లకే ఇంకో పని పుట్టించాలి కదా అంటున్నాను. పప్పు పట్టడం, పుట్నాలు వేయించడం, పిండి ఆడించడం, ప్యాకెట్లు చేయడం. ఇవన్నీ మన జిల్లాలోనే జరగాలి. జరగాలంటే చిన్న యంత్రాలు కావాలి, పరీక్షలు కావాలి, కొంత పెట్టుబడి కావాలి. పరిశోధన అంటే ఇది కూడా అని ఒప్పుకోవాలి.

కొర్రపిండి కమురు వాసన

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది కొర్రలు, సామలు, అరికెలు ఒక్కసారిగా పెద్దింటి బిడ్డలైపోయాయి. సంఘాల్లో ఉన్న ఎందరో ఆడవాళ్లు ఉత్సాహంగా కొర్రపిండి, కొర్ర బిస్కెట్లు మొదలుపెట్టారు. నాకు తెలిసిన నలుగురు అలాగే మొదలుపెట్టి ఆర్నెల్లకు మానేశారు. కారణం సోమరితనం కాదు. ప్యాకెట్ కట్టిన కొన్ని వారాలకే పిండి కమురు వాసన వచ్చింది. అంగడివాడు వెనక్కి ఇచ్చేశాడు.

కొర్రల్లో కొవ్వు ఉంటుంది. పట్టించిన తర్వాత ఆ కొవ్వు త్వరగా చెడుతుంది. పిండి చేయకముందే గింజను సరిగా ఉడికించి ఆరబెట్టడమో, తగిన వేడికి వేయించడమో చేస్తే నిల్వ కాలం పెరుగుతుంది. ఈ సంగతి శాస్త్రవేత్తలకు తెలుసు. ఎంత వేడి, ఎంతసేపు, ఎలాంటి కవరు అన్నది మన నలుగురికీ తెలియదు. తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ మధ్య ఒక గోడ, ఒక గేటు, ఒక వాచ్‌మన్. ఆ నలుగురి పెట్టుబడి పోయింది అక్కడే.

డబ్బు ఉంది, దారే లేదు

పెట్టుబడికి పథకాలు లేవా అంటే, ఉన్నాయి. కోడిగుడ్లను పొదిగే పెట్టెను, నెలలు నిండని బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టెను ఇంక్యుబేటర్ అంటాం కదా. అలాగే కొత్త ఆలోచనను కాపాడి, శిక్షణ ఇచ్చి, కాళ్ల మీద నిలబడేలా చేసే కేంద్రాన్ని కూడా ఇంక్యుబేటరే అంటున్నారు. రాష్ట్రీయ కృషి వికాస యోజన కింద 2018-19 నుంచి దేశంలో ఇలాంటి కేంద్రాలను వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో పెట్టారు. వీటిని నడిపించే ఐదు పెద్ద సంస్థల్లో హైదరాబాద్‌లోని 'మేనేజ్' ఒకటి.

ఆ పథకం నిబంధనలు చూడండి. శిక్షణ కాలం రెండు నెలలు, నెలకు 10,000 రూపాయల భత్యం. ఆలోచన దశలో ఉంటే 5 లక్షల దాకా, వస్తువు తయారై మార్కెట్‌కు వెళ్లే దశలో ఉంటే 25 లక్షల దాకా. మొదటి దశలో పది శాతం, రెండో దశలో పదిహేను శాతం మనం పెట్టుకోవాలి. మిగతాది గ్రాంటు. ఇక 2020లో చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం తెచ్చిన పథకంలో సంఘ సభ్యురాలికి 40,000 దాకా మూలధనం, యూనిట్‌కు 35 శాతం సబ్సిడీ (10 లక్షలు మించకుండా) అని రాసుకున్నారు.

వినడానికి ఎంత బాగుందో! అయితే 5 లక్షలకు పది శాతం అంటే 50,000. అది ఎవరి చేతిలో ఉంటుంది? పొలం భర్త పేరున, ఇల్లు మామ పేరున ఉన్న ఇల్లాలి దగ్గర ఉంటుందా? పైగా దరఖాస్తు. నేను ఒక అక్క కోసం తీసుకుని చదివిన కాగితం ఆసాంతం ఇంగ్లీషులో ఉంది. 'మార్కెట్ సైజు', 'స్కేలబిలిటీ', 'రెవిన్యూ మోడల్' అంటూ ప్రశ్నలు. ఆమెకు మార్కెట్ తెలుసు. శుక్రవారం ఎవరు కొంటారో, పండక్కి ఎంత పోతుందో, ఎవరు అప్పు పెడతారో వేళ్ల మీద చెబుతుంది. కానీ ఆ కాగితం ఆమెను ఆ భాషలో అడగలేదు. "ఇది మాబోటోళ్లకు కాదులేమ్మా" అని మడిచి బీరువాలో పెట్టేసింది. ఒక ఆలోచన అలా బీరువాలోకి పోయింది.

ఇలా చేస్తే ఎలా ఉంటుంది?

విమర్శించి ఊరుకుంటే లాభం లేదు. నాకు తోచినవి చెబుతాను.

ఒకటి. విత్తనాలు అమ్మే చోటే వారానికి ఒకరోజు ఒక బల్ల, రెండు కుర్చీలు వేయాలి. కొత్త ఆలోచనతో వచ్చినవాళ్లతో తెలుగులో మాట్లాడే మనిషి అక్కడ ఉండాలి. నెలకోసారి ఆ బల్ల ఆళ్లగడ్డకు రావాలి. నంద్యాలకు నలభై కిలోమీటర్లే కావచ్చు. బడి నుంచి పిల్లలు వచ్చేలోపు ఇల్లు చేరాల్సిన ఆడమనిషికి ఆ నలభై కూడా దూరమే.

రెండు. 5 లక్షల కంటే ముందు 50,000 మెట్టు ఒకటి ఉండాలి. ఒక నమూనా చేసి చూసుకోవడానికి, పిండిని పరీక్ష చేయించడానికి, లేబుల్ సరిచేసుకోవడానికి. దానికి ఇంగ్లీషు కాగితం కాక, చేసిన వస్తువే దరఖాస్తు కావాలి.

మూడు. గింజ పొట్టు తీసే యంత్రం, ఆరబెట్టే యంత్రం, ప్యాకింగ్ యంత్రం గంటకు ఇంత అని అద్దెకు ఇవ్వాలి. అందరూ కొనుక్కోవాల్సిన పని లేదు. ఊళ్లో పిండిమర ఒకటుంటే ఊరంతా ఆడించుకోవడం లేదా?

నాలుగు. వ్యవసాయ కళాశాలలు, ఇంజనీరింగ్ కళాశాలల్లో చివరి ఏడాది పిల్లలు ప్రాజెక్టులు చేస్తారు. ఆ అంశాలను మన ఊళ్ల నుంచే తీసుకోవాలి. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది. ఆళ్లగడ్డ శిల్పాలకు జి.ఐ. అనే భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ శిల్పాలు దేశంలో ఎక్కడెక్కడి గుళ్లలోనో నిలబడుతున్నాయి. రాయి కోసేటప్పుడు లేచే దుమ్ము మాత్రం ఇక్కడే, చెక్కేవాళ్ల ఊపిరితిత్తుల్లో, ఆ బట్టలు ఉతికే ఇల్లాలి చేతుల్లో మిగిలిపోతోంది. ఆ దుమ్మును లాగేసే చవకైన యంత్రం ఒకటి మన పిల్లలు తయారు చేస్తే అంతకంటే మంచి స్టార్టప్ ఏముంటుంది?

మన అమ్మాయిల సంగతి

ఇంకో మాట. ఎం.ఎస్సీ., పిహెచ్.డి. చదివి, పెళ్లయి, పిల్లలు పుట్టి ఇంట్లో ఉండిపోయిన అమ్మాయిలు మన వీధుల్లో ఎంతమంది లేరు? వాళ్లు మళ్లీ పరిశోధనలోకి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002లోనే మహిళా శాస్త్రవేత్తల పథకం మొదలుపెట్టింది. తర్వాత అది 'కిరణ్' పేరుతో విస్తరించింది. 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు 'ఆడపిల్లలకు వేరే విశ్వవిద్యాలయం ఎందుకు?' అన్నవాళ్లు ఉన్నారు. అక్కడ చదువుకుని వచ్చినవాళ్లను చూశాక ఆ ప్రశ్న వినపడటం తగ్గింది.

కోడలికి ఎం.ఎస్సీ. ఉందని పెళ్లిచూపుల్లో గొప్పగా చెప్పుకుంటాం. పెళ్లయ్యాక ఆ సర్టిఫికెట్ పట్టుచీరల కింద దాచేస్తాం. కొర్రపిండి ఎందుకు చెడుతోందో తెలుసుకోవాలనుకునే అత్త, ఆ రసాయనం తెలిసిన కోడలు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ విషయం మాట్లాడుకోరు. ఇంతకంటే విచిత్రం ఉందా?

ఒక అభ్యంతరం

"విశ్వవిద్యాలయం పని చదువు, పరిశోధన. వ్యాపారం నేర్పడం కాదు. ప్రజల డబ్బును అడిగినవాళ్లందరికీ పంచితే ఎలా?" అని కొందరు పెద్దలు అంటారు. మాటలో న్యాయం ఉంది. ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క ఉండాలి. చేసిన పది ప్రయత్నాల్లో ఆరు నిలవకపోవచ్చు కూడా. అయితే పరిశోధనా క్షేత్రంలో వేసిన ప్రతి మొక్కా కొత్త రకం అవుతుందా? వందల మొక్కలు వేసి ఒకటి ఎంచుకుంటారు. మిగతావి వృథా అని ఎవరూ అనరు. మొక్కకు ఇచ్చిన ఆ ఓర్పు మనిషికి కూడా ఇమ్మంటున్నాం, అంతే.

అయితే వాళ్లు పిలిచేదాకా కూర్చుంటే కాలం గడిచిపోతుంది. రైతు అనగానే తలపాగా చుట్టిన మగమనిషి బొమ్మే గుర్తొచ్చినంత కాలం మనల్ని ఎవరూ ప్రత్యేకంగా పిలవరు. అందుకని సంఘం సమావేశంలో అప్పు కంతుల లెక్క అయిపోయాక ఇంకో పదినిమిషాలు కూర్చోండి. మీ పనిలో మిమ్మల్ని ఎక్కువగా విసిగిస్తున్నది ఏమిటో ఒక కాగితం మీద తెలుగులోనే రాయండి. పిండి చెడటమా, గింజ పొట్టు రాకపోవడమా, చేతుల మంటా? నలుగురు కలిసి వెళ్లి పరిశోధనా స్థానంలో ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. నెల తర్వాత మళ్లీ వెళ్లి 'ఏమైంది సార్?' అని అడగండి.

రేషన్ కార్డు కోసం, పింఛను కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగలేదు మనం? విజ్ఞానం కోసం కూడా ఒక గుమ్మం ఎక్కుదాం. ఆ గుమ్మం మన ఊళ్లోనే ఉంది, నూరేళ్లు దాటినా మనకోసం ఇంకా ఎదురు చూస్తూనే ఉంది.