మార్కు వేస్తే కారణం చెప్పాలి

ఏప్రిల్ వచ్చిందంటే ప్రభుత్వ రంగ సంస్థల టౌన్‌షిప్పుల్లో ఎక్కడ ఇద్దరు అధికారులు కలిసినా ఒకటే మాట: ‘సెల్ఫ్ అప్రైజల్ పెట్టేశారా?’ సంస్థను బట్టి ఆ పనితీరు నివేదిక పేరు మారుతుంది. ఒకచోట పీఏఆర్, ఇంకోచోట ఏపీఏఆర్. పాతవాళ్లకు మాత్రం ఇప్పటికీ అది సీఆరే. మార్చి 31తో ఏడాది ముగుస్తుంది, పోర్టల్ తెరుచుకుంటుంది. పన్నెండు నెలల పనిని ఇన్ని అక్షరాలకు మించకూడదన్న గడుల్లో రాసి పైకి పంపాలి. రిపోర్టింగ్ ఆఫీసర్ మార్కులు వేస్తారు, రివ్యూయింగ్ ఆఫీసర్ సరిచూస్తారు, ఆ తర్వాత మోడరేషన్ కమిటీ, ఆ పైన యాక్సెప్టింగ్ అథారిటీ. ఇంత ప్రయాణం చేసి చివరికి తేలేది ఒక గ్రేడు. ఎక్సలెంటో, వెరీ గుడ్డో, గుడ్డో, ఫెయిరో, పూరో.

ఆ గ్రేడుతోనే ప్రమోషన్, ఆ గ్రేడుతోనే పనితీరు ఆధారిత చెల్లింపు, అంటే పీఆర్‌పీ. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు 2017లో వచ్చిన జీతాల సవరణ ఉత్తర్వుల ప్రకారం ఎక్సలెంట్ వచ్చిన అధికారికి తన వాటా పీఆర్‌పీ పూర్తిగా అందితే, వెరీ గుడ్‌కు 80 శాతం, గుడ్‌కు 60 శాతం, ఫెయిర్‌కు 40 శాతం. పూర్ అయితే ఏమీ లేదు. ఇంత బరువున్న గ్రేడు ఎందుకొచ్చిందో చాలామందికి ఎవరూ చెప్పరు. ఈ వారం నా మాటంతా దాని గురించే. గ్రేడు తగ్గడం అన్యాయమని నేననడం లేదు. కారణం చెప్పకుండా తగ్గించడం అన్యాయం.

ఒక పెద్ద సంస్థ పర్సనల్ విభాగంలో ఉద్యోగం చేసినవాణ్ణి. మోడరేషన్ కమిటీ గదుల్లో మూల కుర్చీలో కూర్చుని నోట్స్ రాశాను. ఆ గది ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు కనుక చెబుతాను. గోడ మీద తెర, తెర మీద ఎక్సెల్ షీటు. వరసగా పేర్లు, పక్కన రిపోర్టింగ్ ఆఫీసర్ వేసిన మార్కు, దాని పక్కన గ్రేడు. పైనుంచి వచ్చిన లెక్క ప్రకారం ఈ విభాగానికి దక్కిన ఎక్సలెంట్లు నాలుగు. షీటులో ఏడు కనిపిస్తున్నాయి. ముగ్గురిని దించాలి. ఎవరిని? అప్పుడు వినిపించే మాటలు ఇలా ఉంటాయి: ‘ఆయనకు పోయినేడే ప్రమోషన్ వచ్చింది కదండీ, ఈసారికి వెరీ గుడ్ చాలు.’ ‘ఈయన ఈ జూన్‌లో ప్రమోషన్ కమిటీ ముందుకు వస్తున్నారు సార్, దించితే ఆగిపోతారు.’ ‘ఆవిడ ఆరు నెలలు ప్రసూతి సెలవులో ఉన్నారు.’ ‘ఆయన వచ్చే ఏడాది రిటైరవుతారు, ఆయనకిప్పుడు ఎక్సలెంట్ దేనికి?’ వీటిలో ఒక్కటైనా ఆ మనిషి ఆ ఏడాది చేసిన పని గురించి కాదు. అయినా పది నిమిషాల్లో ఏడు నాలుగవుతుంది. షీటు సేవ్ చేస్తారు. తర్వాతి విభాగం పేర్లు తెర మీదికి వస్తాయి.

అక్కడ కూర్చున్నవాళ్లు దుర్మార్గులేం కాదు. కింది అధికారుల మీద ప్రేమున్నవాళ్లే, తమవాడి కోసం గట్టిగా వాదించేవాళ్లే. కానీ వాళ్ల చేతికి ముందే ఒక సంఖ్య ఇచ్చి కూర్చోబెట్టారు. పనిని చూసి సంఖ్యకు రావలసినది, సంఖ్యను చూసి పనికి విలువ కట్టవలసి వస్తోంది.

ఈ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి. ప్రభుత్వ రంగ సంస్థల అధికారుల జీతాల మీద వేసిన రెండో పే రివిజన్ కమిటీకి అధ్యక్షులు మన తెలుగువారే, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎం.జగన్నాథరావు. ఆ కమిటీ నివేదిక తర్వాత 2008 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులతో పీఆర్‌పీ గట్టిగా అమల్లోకి వచ్చింది, దానితోపాటే బెల్ కర్వ్ కూడా. అధికారుల్లో 10 నుంచి 15 శాతానికి మించి అగ్రశ్రేణి గ్రేడు ఇవ్వకూడదు, అడుగున 10 శాతం మందిని ‘బిలో పార్’ కింద చూపి వాళ్లకు పీఆర్‌పీ ఆపేయాలి అన్నది నియమం. పదిమంది శ్రద్ధగా పనిచేసినా వాళ్లలో ఒకరిని పనికిరానివాడిగా చూపించక తప్పని పరిస్థితి. ఆ ఒకరు ఎవరయ్యేవారో ఊహించడం కష్టం కాదు. కొత్తగా బదిలీపై వచ్చినవాడు, విభాగంలో తన తరఫున మాట్లాడే పెద్ద దిక్కు లేనివాడు. నోరున్నవాడికే అన్నం దొరికే చోట నోరులేనివాడు అడుగుకు జారతాడు.

2017 ఆగస్టు ఉత్తర్వులు ఈ విషయంలో మేలు చేశాయి. పదిశాతం మందిని బలవంతంగా అడుగుకు నెట్టడం తప్పనిసరి కాదన్నాయి. కానీ ఒక్కో హోదాలోని అధికారుల్లో 15 శాతానికి మించి ఎక్సలెంట్ ఇవ్వరాదన్న పరిమితిని అలాగే ఉంచాయి. పెద్ద సంస్థ మొత్తానికి చూస్తే అది సబబుగానే కనిపిస్తుంది. ఆ 15 శాతాన్ని ప్రాజెక్టులకు, ప్రాజెక్టుల్లో విభాగాలకు పంచుకుంటూ వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. ఒక చిన్న విభాగంలో సీనియర్ మేనేజర్లు ఏడుగురుంటే వాళ్లలో ఒక్కరే ఎక్సలెంట్. దాంతో వంతులు పుట్టుకొచ్చాయి. ఈ ఏడు నీది, వచ్చే ఏడు అతనిది, ప్రమోషన్ దగ్గరపడ్డవాడిది ముందు. వంతు వేసుకున్న గ్రేడుకు పనితీరు మదింపు అన్న పేరు ఎలా తగులుతుంది?

మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీయే ఇలాంటి పద్ధతిని 2013 నవంబర్‌లో వదిలేసింది. పక్కవాడి గ్రేడు తగ్గితేనే నాకు పెరుగుతుందన్న చోట, తనకు తెలిసిన పనిని పక్కవాడికి నేర్పే మనసు ఎవరికి ఉంటుంది? ప్లాంటు నడిపేచోట ఇది ప్రమాదం కూడా. రాత్రి షిఫ్టు ఇన్‌చార్జి తను గమనించిన తేడాను పొద్దుటి షిఫ్టువాడికి వివరంగా చెప్పాలి. అక్కడ పోటీ పెట్టకూడదు.

అసలు కొలిచే తీరులోనే ఒక లోపం ఉంది. థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ ట్యూబు లీకై యూనిట్ ట్రిప్పయిందనుకోండి. మెయింటెనెన్స్ ఇంజినీరు రెండు రాత్రులు నిలబడి వెల్డింగ్ చేయించి, హైడ్రో టెస్టు ముగించి యూనిట్‌ను లైనులోకి తెస్తాడు. అతని సెల్ఫ్ అప్రైజల్‌లో రాసుకోవడానికి మంచి పేరా దొరుకుతుంది, జీఎంకు కూడా అతని పేరు గుర్తుంటుంది. పక్క యూనిట్ ఇంజినీరు ఓవర్‌హాలింగ్‌లో ఓపిగ్గా ట్యూబుల మందం కొలిపించి, పలచబడ్డవాటిని ముందే మార్పించాడు. ఏడాదంతా అతని యూనిట్‌లో లీకే లేదు. ‘ప్రధాన విజయాలు’ అన్న గడిలో అతను ఏం రాయాలి? ఏమీ జరగలేదని రాయాలా? వెసెల్‌లోకి మనుషుల్ని దించేముందు గ్యాస్ టెస్టు రీడింగు సరిగా లేదని పర్మిట్ మీద సంతకం పెట్టకుండా నాలుగు గంటలు పని ఆపిన అధికారిని తీసుకోండి. ఆ నాలుగు గంటలు ‘ఆలస్యం’ లెక్కలో పడతాయి. అతను కాపాడిన ప్రాణాలు ఏ గడిలోనూ పడవు. ఇవి పోర్టల్‌కు తెలియవు, కమిటీకీ తెలియవు. రోజూ పక్కన తిరిగే రిపోర్టింగ్ ఆఫీసర్‌కు మాత్రమే తెలుస్తాయి. అందుకే ఆయన రాసిన మాటకు విలువ ఉండాలని, దాన్ని మార్చేవారు కారణం రాయాలని పట్టుబడుతున్నాను.

పీఆర్‌పీకి డబ్బు సంస్థ లాభంలోంచే రావాలన్న నియమం ఇంకో సంగతి. సూత్రంగా తప్పుపట్టలేం. కానీ విశాఖ ఉక్కును చూడండి. సొంత ఇనుప గనులు లేని ప్లాంటు. బయట కొన్న ఖనిజంతో ఫర్నేసులు నడపాలి. 2021-22లో లాభం చూపించిన సంస్థ ఆ తర్వాతి రెండేళ్లూ వేల కోట్ల నష్టం చూసింది. ఆ మనుషులే, ఆ ఫర్నేసులే. ఖనిజం ధర, అప్పుల వడ్డీ, చేతిలో పెట్టుబడి లేకపోవడం షిఫ్టు ఇన్‌చార్జి చేతిలో ఉన్నవి కావు. నష్టంలో ఉన్న సంస్థలో ఎక్సలెంట్ వచ్చినా చేతికి పైసా రాదు. అలాంటి చోట గ్రేడుకు మిగిలేది మర్యాద ఒక్కటే. నీ పని మేం చూశాం, ఇదీ మా అభిప్రాయం అని ముఖాముఖి చెప్పడం. దానికి లాభం అక్కర్లేదు.

కారణం చెప్పాలన్నది కేవలం నా కోరిక కాదు, దేశపు చట్టం. దేవ్‌దత్ కేసు ప్రతి అధికారీ తెలుసుకోవలసినది. సరిహద్దు రోడ్ల ఇంజినీరింగ్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఆయన. సూపరింటెండింగ్ ఇంజినీరు కావాలంటే వరసగా ఐదేళ్లు ‘వెరీ గుడ్’ ఉండాలి. ఆయనకు 1993-94లో మాత్రం ‘గుడ్’ పడింది. గుడ్ అంటే చెడ్డమాట కాదు గదా అని ఆయనకు దాన్ని తెలియజేయలేదు. ఆ ఒక్కదానితో ప్రమోషన్ పోయింది, ఆయనకంటే జూనియర్లు పైకెళ్లారు. ఆయన కోర్టుకెళ్లారు, హైకోర్టులో ఓడారు, సుప్రీంకోర్టు చేరారు. 2008 మే 12న తీర్పు వచ్చేనాటికి ఆయన రిటైరయ్యారు. పేరుకు మంచిదైనా ప్రమోషన్‌ను ఆపే గ్రేడు ఆ ఉద్యోగి పాలిట చెడ్డదేనని, మంచైనా చెడైనా ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలియజేయాలని, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకూ వర్తిస్తుందని ఆ తీర్పులోనే స్పష్టం చేసింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. అంతకు చాలా ముందు, 1996లోనే, ఉత్తరప్రదేశ్ జల నిగమ్ కేసులో ఇంకో మాట ఉంది: గ్రేడు దించితే, దించినవారు కారణాన్ని ఫైలులో నమోదు చేయాలి, ఆ మార్పును ఉద్యోగికి తెలియజేయాలి.

ఈ తీర్పుల తర్వాత సంస్థలు గ్రేడును పోర్టల్లో చూపించడం మొదలుపెట్టాయి. అంతవరకు సంతోషమే. కానీ చాలాచోట్ల కనిపించేది చివరి గ్రేడు, దానికింద ‘మోడరేషన్ ప్రకారం’ అన్న రెండు మాటలు. అది కారణం కాదు. రిపోర్టింగ్ ఆఫీసర్ తొంభై అయిదు వేసినప్పుడు, రివ్యూయింగ్ ఆఫీసర్ దాన్ని ఒప్పుకున్నప్పుడు, ఆ మనిషి పనిని ఒక్కరోజైనా చూడని కమిటీ దాన్ని దేనివల్ల కిందికి తెచ్చిందో రాయాలి. రాయలేకపోతే దించకూడదు.

పరిమితి ఎత్తేస్తే అందరికీ ఎక్సలెంటే పడుతుంది కదా అంటారు. ఆ భయం నిజమే. ఎవరితోనూ తగువెందుకని కళ్లు మూసుకుని అందరికీ పై గ్రేడు రాసిన అధికారులు ప్రతి సంస్థలోనూ ఉన్నారు, వాళ్లవల్ల నిజంగా కష్టపడ్డవాడు గుంపులో కలిసిపోయిన మాటా వాస్తవం. దానికి మందు కోటా కాదు. ఎక్సలెంట్ ఇచ్చినా సరే, ఫలానా పని, ఫలానా ఫలితం అని కారణం రాయించండి. ఊరికే రాసేవాడికి రెండో పేరాలో కలం ఆగిపోతుంది. కమిటీ గదిలో విన్న ప్రసూతి సెలవు మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సెలవు చట్టం ఇచ్చిన హక్కు. పనిచేసిన నెలల పనికి మార్కు వేయాలి, లేని నెలల్ని ఆమె మీద రుణంలా రాయకూడదు.

రిపోర్టింగ్ ఆఫీసర్లుగా ఉన్న పాఠకులకు ఒక విన్నపం. ఈ ఏడాది మార్కులు వేసేముందు మీ కింద ఉన్న ఒక్కొక్కరినీ పిలిచి, ఫోను పక్కనపెట్టి, అరగంట మాట్లాడండి. బాగున్నది చెప్పండి, బాగోలేనిదీ చెప్పండి. ‘నేను ఎక్సలెంట్ రాశానయ్యా, పైవాళ్లు కోశారు’ అని తర్వాత చెప్పి చేతులు దులుపుకోవద్దు. కోసినప్పుడు ఎందుకు కోశారని మీరే లిఖితంగా అడగండి. మీ కిందివాళ్లకు మీరు చేయగల మేలు అదే.

గ్రేడు తగ్గిన తమ్ముళ్లు, చెల్లెళ్లు బాధపడి ఊరుకోవద్దు. మీ సంస్థ నియమాల్లో అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకైతే అది 15 రోజులు. మీది ఎన్ని రోజులో ఇవాళే చూసుకోండి. గ్రేడు చేతికి రాగానే, దించిన కారణం తెలపమని మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి, ఆ కాగితం నకలు దగ్గర ఉంచుకోండి. గ్రేడు తెలుసుకుని అభ్యంతరం చెప్పుకునే హక్కును సుప్రీంకోర్టు మీకు 2008లోనే ఇచ్చింది.