ఇల్లు ఇచ్చారు సరే, ఎక్కడ ఇచ్చారు?

హాస్టల్ వదిలి యూనివర్సిటీకి వెళ్ళాక మాలో కొందరం అద్దెగది కోసం తిరిగాం. అడ్వాన్సు సంగతి తర్వాత, ముందు "ఇంతకీ మీరెవరు బాబూ?" అని అడిగారు. పేర్లు చెబితే సరిపోలేదు. ఖాళీ లేదన్న ఇంటికి సాయంత్రం కూడా టు-లెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. అందుకే మౌంట్ లారెల్ గురించి చదివినప్పుడు అది పరాయి దేశం గొడవ అనిపించలేదు.

మన పల్లెల్లో మనల్ని ఊరి బయట పెట్టారు. అమెరికాలో చాలాచోట్ల ఇది తిరగబడి ఉంటుంది. నగరం లోపల పేదలు, శివార్లలో కలిగినవాళ్ళు. అక్కడి బడులకు స్థానిక ఇంటిపన్నులు పెద్ద ఆధారం కాబట్టి మంచి బడులు కూడా ఆ శివార్లలోనే ఎక్కువ.

మౌంట్ లారెల్ న్యూజెర్సీ రాష్ట్రంలో ఫిలడెల్ఫియాకు దగ్గరి శివారు. అక్కడ తరతరాలుగా కౌలు చేసుకు బతికిన నల్లజాతి కుటుంబాలున్నాయి. పొలాలు కాలనీలుగా మారేసరికి కొందరు కోళ్ళగూళ్ళను ఇళ్ళుగా మార్చుకుని ఉండాల్సి వచ్చింది. 36 ఫ్లాట్లు కట్టుకుంటామని అడిగితే, విడివిడి స్థలాల్లో విడివిడి ఇళ్ళే కట్టాలని జోనింగ్ నిబంధన చూపించారు. 1970లో మేయరు స్వయంగా వాళ్ళ చర్చికి వచ్చి, ఇక్కడ ఉండే స్తోమత లేకపోతే వెళ్ళిపోవాల్సిందే అన్న అర్థంలో చెప్పాడు. పేదలు ఇక్కడికి రావద్దని ఏ కాగితంలోనూ లేదు. స్థలం కొలతలే ఆ పని చేశాయి!

అక్కడ కూర్చున్న ఎథెల్ లారెన్స్ అనే తల్లి, మరికొందరితో కలిసి 1971లో కేసు వేసింది. ఎదుగుతున్న ప్రతి ఊరూ పేదల ఇళ్ళలో తన వంతు చోటు ఇవ్వాలని రాష్ట్ర సుప్రీంకోర్టు 1975లో తీర్పిచ్చింది. ఊరివాళ్ళు కట్టడానికి వీల్లేని చెక్కలు చూపించి చేతులు దులుపుకున్నారు. 1983లో కోర్టు మరింత గట్టిగా చెప్పింది. అయినా ఇటుక పేరలేదు.

మా అభిప్రాయం ఇక్కడే. తీర్పులో ఎవరూ కాపురం ఉండలేరు. స్థలం కొని, నిధులు పోగుచేసి, ప్లానింగ్ బోర్డు ముందు నిలబడే వాళ్ళు కావాలి. కేసు నడిపిన లాయర్లలో ఒకరైన పీటర్ ఓకానర్ 'ఫెయిర్ షేర్ హౌసింగ్ డెవలప్‌మెంట్' అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి ఆ పని చేశాడు. నేరాలు పెరుగుతాయి, ఇళ్ళ ధరలు పడిపోతాయి, పన్నులు పెరుగుతాయి అని ఊరివాళ్ళు గోల చేశారు. 1997లో అనుమతి వచ్చింది. 2000 చివరలో మొదటి కుటుంబాలు దిగాయి. తర్వాత మరికొన్ని కట్టి మొత్తం 140 ఇళ్ళు చేశారు. వాటికి పెట్టింది ఎథెల్ లారెన్స్ పేరే. 1994లోనే కన్నుమూసిన ఆమె వాటిని చూడలేదు. ముప్పై ఏళ్ళకు 140 ఇళ్ళంటే తక్కువే, మేం కాదనం.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ సామాజికశాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం 2013లో వెలువరించిన పుస్తకంలో, చుట్టుపక్కల ఊళ్ళతో పోల్చి చూస్తే ఆ భయాల్లో ఒక్కటీ నిజం కాలేదని తేలింది. ఆ ఇళ్ళున్నాయన్న సంగతే కొందరు పొరుగువాళ్ళకు తెలియదట! అక్కడ చేరిన పిల్లలకు చదువుకోవడానికి నిశ్శబ్దమైన చోటు దొరికిందన్నది మాత్రం మమ్మల్ని ఆపేసింది. ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని, నలభైమంది మాటల మధ్య చదివిన మనకు దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

2023 జూన్‌లో హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు అవతల కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ప్రారంభించారు. పేదవాడికి లిఫ్టున్న ఇల్లు రావడం మాకు సంతోషమే. కానీ నగరం లోపల పాచిపని చేసుకునే తల్లికి అక్కడినుంచి తెల్లారే బస్సు దొరకాలి కదా? ఇల్లు ఎంత పెద్దదో అందరూ అడుగుతారు, ఎంత దూరమో ఎవరూ అడగరు.

ఈ వార్షికోత్సవానికి వచ్చే మన అన్నల్లో, అక్కల్లో ఇంజనీర్లున్నారు, రెవెన్యూ ఉద్యోగులున్నారు. ఇళ్ళస్థలాల ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు సంతకానికి ముందు ఒక్కసారి ఆ స్థలం దాకా వెళ్ళి రండి, బస్సులోనే. హైస్కూలు ఎంత దూరమో కూడా ఆ ఫైల్లోనే రాయండి.