టైరు మీద తారీఖు

మా పాత ఇండిగో మెరీనాని చూసి ఖాందాన్‌లో నవ్వనివారు లేరు. "ఇంకా ఈ ఖటారానేనా భాయ్?" అంటారు. నేనూ నవ్వేస్తాను. కర్జా లేని బండి. వెనక సీటు మడిస్తే అమ్మీ వీల్‌చెయిర్, దావత్ డేగ్చాలు రెండూ పడతాయి.

కానీ మొన్న రంజాన్‌కి ముందు ఓ గల్తీ చేశాను. సీటు కవర్లకి ఆరు వేలు పోశాను. టైర్లు ఇంకో ఏడాది నడుస్తాయిలే అనుకున్నాను. మెకానిక్ టైరు పక్కన అంకెలు చూపించాడు: 2315. అంటే 2015లో 23వ వారం తయారైందని. పైన అరగలేదు, పక్కల మాత్రం రబ్బరు పగిలింది. ఆ టైర్ల మీదే పిల్లల్ని కర్నూలులో నిఖాకి తీసుకెళ్లొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత బండి నడపడంలో సిగ్గేముంది? దిఖావాకి ఖర్చుపెట్టి, బ్రేకుల దగ్గర పిసినారితనం చేస్తేనే సిగ్గుపడాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు మిగిలిన పైసలు బచత్ అనుకోకండి. అవి ఆ బండి మరమ్మతుకి అమానత్. బ్రేక్ ఆయిల్, టైమింగ్ బెల్టు, టైర్లు ముందు; పాలిష్ తర్వాత. పదిహేనేళ్లకి ఆర్‌సీ రెన్యువల్ అప్పుడు సర్కారు ఎలాగూ బండి చూస్తుంది. అంతదాకా చూసుకునే జిమ్మేదారీ మనదే.

ఈ జుమాకి బయల్దేరేముందు ఒక్కసారి వంగి, మీ టైరు మీద తారీఖు చదవండి.